ప్రమాదరహిత దినాల బోర్డు ఉన్న సంస్థలో భద్రతా విధానాన్ని ఎక్కడ మొదలుపెట్టి రాయాలి?

ప్రశ్న: కొత్త భద్రతాధికారి

అందరికీ నమస్కారం. లోహపు విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో భద్రతా విభాగం బాధ్యతలు ఇటీవలే స్వీకరించాను. మా దగ్గర ప్రెస్సులు, గ్రైండింగ్, వెల్డింగ్, పెయింటింగ్ విభాగాలు ఉన్నాయి. పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది, పనిచేసేవారిలో సగానికి పైగా కాంట్రాక్టు కార్మికులే. పనిచోట భద్రత, ఆరోగ్య నిర్వహణకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 45001 ధ్రువీకరణకు దరఖాస్తు చేయాలన్న ఆలోచనతో, సంస్థ భద్రత, ఆరోగ్య విధానాన్ని కొత్తగా రాసి ఇవ్వమని యాజమాన్యం నన్ను కోరింది. వాళ్లకు శ్రద్ధ లేదని నేను అనను. హెల్మెట్లు, బూట్లు, గ్లౌజులు అడిగిన వెంటనే తెప్పిస్తారు, శిక్షణకు సమయం కూడా ఇస్తారు.

నన్ను ఆలోచనలో పడేసినవి వేరే ఉన్నాయి. గేటు దగ్గర ప్రమాదం లేకుండా గడిచిన రోజుల సంఖ్యను చూపే బోర్డు ఒకటి ఉంది. నెలంతా ఏ విభాగంలో ప్రమాదం నమోదు కాకపోతే ఆ విభాగం మొత్తానికి ప్రోత్సాహకం వస్తుంది, ఒక్కటి నమోదైనా అందరికీ పోతుంది. బోర్డు మీద అంకె పెరుగుతూనే ఉంది, గాయాల రిజిస్టరులో పేజీలు ఖాళీగానే ఉన్నాయి. అయితే ప్రథమ చికిత్స పెట్టెలను నింపే బాధ్యత కూడా నాదే కాబట్టి, గ్రైండింగ్ విభాగంలో పట్టీలు, దూది, కళ్లు కడిగే మందు ఎంత వేగంగా అయిపోతున్నాయో నాకు కనిపిస్తోంది. రిజిస్టరు చెప్పేదానికీ పెట్టె చెప్పేదానికీ పొంతన లేదు.

రెండో సంగతి. రాత్రి షిఫ్టులో ఒక ప్రెస్సు దగ్గరికి వెళ్లినప్పుడు, గార్డు తలుపు తెరిస్తే యంత్రాన్ని ఆపాల్సిన ఇంటర్‌లాక్ స్విచ్చును బైండింగ్ వైరుతో కట్టేసి ఉండటం చూశాను. ఆ వైరు కొత్తది కాదు, దాని మీద నూనె, దుమ్ము గట్టిగా పేరుకుని ఉన్నాయి. అంటే అది ఆ ఒక్క రాత్రి కట్టింది కాదు, అటువైపు వెళ్లిన పర్యవేక్షకులందరి కళ్ల ముందూ ఉన్నదే. ఆపరేటరును అడిగితే ఆయన భయపడ్డారే గాని కారణం చెప్పలేదు.

ఈ పరిస్థితిలో మంచి మాటలతో ఒక పత్రం రాసి గోడకు తగిలించడం నాకు ఇష్టం లేదు. విధానంలో మొదట ఏ అంశాన్ని సరిచేయాలి? బోర్డునూ ప్రోత్సాహకాన్నీ తీసేయమని యాజమాన్యాన్ని అడిగితే, భద్రతాధికారే భద్రతకు అడ్డు చెబుతున్నాడని అనుకోకుండా ఎలా వివరించాలి? వైరు కట్టిన వ్యక్తి విషయంలో ఏం చేయడం న్యాయం? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం: విశ్రాంత మెయింటెనెన్స్ ఇంజనీరు

మీరు పట్టీల లెక్కను రిజిస్టరుతో పోల్చి చూశారు చూడండి, మీ యాజమాన్యం ముందు పెట్టవలసిన మొదటి ఆధారం అదే. అభిప్రాయాలతో వాదిస్తే ఎదుటివారూ అభిప్రాయమే చెబుతారు. స్టోర్సు నుంచి ఏడాదిలో ఎన్ని పట్టీలు వెళ్లాయి, రిజిస్టరులో ఎన్ని గాయాలు ఉన్నాయి అన్న రెండు అంకెలను పక్కపక్కన పెడితే వాదన అవసరం ఉండదు. దానితో పాటు ఒక మాట చెప్పండి: ఈ ప్రోత్సాహకం వల్ల గాయాలు తగ్గాయో లేదో మనకు తెలియదు, కానీ గాయాల గురించి తెలుసుకునే దారి మాత్రం మూసుకుపోయింది. తన వేలు తెగిందని చెబితే పక్కనున్న వారందరి డబ్బు పోతుందని తెలిసిన మనిషి, గుడ్డ చుట్టుకుని పని చేసుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం, ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు.

తక్కువ గాయాలు నమోదైనంత మాత్రాన పెద్ద ప్రమాదం దూరంగా ఉందని అనుకోవడం ఎంత ప్రాణాంతకమో చరిత్రలో నమోదై ఉంది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. పనిదినం నష్టపోయేంత గాయం ఒక్కటీ లేకుండా ఏడేళ్లు గడిపినందుకు ఆ రిగ్గు సిబ్బందిని అభినందించడం కూడా ఒక పనిగా పెట్టుకుని వచ్చిన ఉన్నతాధికారులు, సరిగ్గా ఆ రోజున దాని మీదే ఉన్నారు. అంతకు ముందు, 2005 మార్చి 23న టెక్సస్ సిటీ చమురుశుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడులో 15 మంది మరణించారు, సుమారు 180 మంది గాయపడ్డారు. దాని తరువాత నియమించిన బేకర్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో ప్రధానంగా ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి ఇదే: కాలు జారడం, చేయి తెగడం వంటి వ్యక్తిగత గాయాల రేటు బాగుంది కాబట్టి మొత్తం ప్రక్రియ కూడా భద్రంగానే ఉందని యాజమాన్యం భావించింది. జారిపడటాన్ని ఆపే చర్యలు వేరు, పీడనంలో ఉన్న పాత్ర పగలకుండా, ఆవిరి లీకు కాకుండా, ప్రెస్సు తనంతట తాను దిగకుండా ఆపే చర్యలు వేరు. మొదటిదాని లెక్క రెండోదాని గురించి ఏమీ చెప్పదు.

శిక్షణల్లో ఇప్పటికీ చూపించే త్రిభుజం ఒకటి ఉంది. ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, 300 గాయం లేని ఘటనలు ఉంటాయని 1931లో హైన్‌రిష్ అనే అమెరికా భద్రతా నిపుణుడు చెప్పిన నిష్పత్తి అది. చిన్నవాటి నుంచి నేర్చుకోవాలన్న వరకు దాంతో నాకు పేచీ లేదు. కానీ చిన్నవి తగ్గితే పెద్దవి వాటంతటవే అదే నిష్పత్తిలో తగ్గుతాయని దాన్ని చదువుకోవడం తప్పు. ప్రెస్సు కింద చేయి నలగడానికి దారితీసే కారణాలు వేరు, గ్రైండింగ్ రవ్వ కంట్లో పడటానికి దారితీసే కారణాలు వేరు. ప్రాణం తీయగలిగే పనులేవో మీ కర్మాగారంలో విడిగా గుర్తించండి. ప్రతి పనికీ ఏ అడ్డుకట్ట ఉంది, అది నిజంగా ఈ రోజు పనిచేస్తోందా అని చూసే అలవాటు విధానంలోకి రావాలి. మీ దగ్గర ఎన్ని ఇంటర్‌లాకులు ఉన్నాయి, వాటిలో ఎన్నింటిని ఈ నెల పరీక్షించారు, ఎన్ని పనిచేయలేదు అన్న లెక్క గేటు దగ్గర బోర్డు మీద ఉంటే, ఆ బోర్డు అక్కడ ఉండటానికి అర్థం ఉంటుంది.

ఇక వైరు సంగతి. వైరును ఆ క్షణమే తీయించాలి, ఇంటర్‌లాక్ బాగయ్యేవరకు ఆ ప్రెస్సును విద్యుత్తు వేరుచేసి తాళం వేసి ఉంచాలి, ఇందులో రెండో ఆలోచన లేదు. ఆ తరువాత అడగవలసిన ప్రశ్న ఎవరు కట్టారని కాదు, కట్టకపోతే పని ఎందుకు సాగడం లేదని. నేను చూసిన చాలా చోట్ల జవాబు ఇలా ఉండేది: డై (లోహాన్ని ఆకారంలోకి తెచ్చే అచ్చు) అరిగిపోవడం వల్ల ముక్క లోపల ఇరుక్కుంటుంది, ప్రతి కొన్ని దెబ్బలకు ఒకసారి తలుపు తీసి దాన్ని లాగాలి, తలుపు తీసినప్పుడల్లా యంత్రం పూర్తిగా ఆగి మళ్లీ మొదటి నుంచి స్టార్టు చేయాలి, అలా చేస్తే షిఫ్టు లక్ష్యం అందదు. అప్పుడు మరమ్మతు చేయవలసింది డైని, ముక్కను బయటకు తోసే ఏర్పాటును, లక్ష్యాన్ని నిర్ణయించిన పద్ధతిని. ఆపరేటరుకు మెమో ఇచ్చి ఊరుకుంటే నెల తిరగకుండా ఇంకో వైరు కనబడుతుంది, ఈసారి బయటకు కనబడని చోట కడతారు.

మీ యాజమాన్యం హెల్మెట్లు, గ్లౌజులు అడగ్గానే ఇస్తుందన్నారు. సంతోషమే, కానీ మీరు వెళ్లదలచిన ఐఎస్ఓ 45001 ప్రమాణంలోనే నియంత్రణలకు ఒక వరుస ఉంది. ముప్పునే తొలగించగలమా అన్నది మొదట చూడాలి. కుదరకపోతే తక్కువ ముప్పు ఉన్న పదార్థం లేదా పద్ధతి వాడగలమా, అదీ కాకపోతే గార్డు, ఎగ్జాస్టు వంటి యాంత్రిక ఏర్పాట్లు చేయగలమా, తరువాతే పని విధానాలు, శిక్షణ, హెచ్చరిక పలకలు, చిట్టచివరన వ్యక్తిగత రక్షణ సామగ్రి. చాలా సంస్థలు చివరి మెట్టు దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే గ్లౌజులు కొనడానికి యంత్రాన్ని ఆపనక్కరలేదు. మీ విధానంలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం: వ్యక్తిగత రక్షణ సామగ్రిని మాత్రమే పరిష్కారంగా ప్రతిపాదించే ఎవరైనా, పై నాలుగు ఎందుకు సాధ్యం కావో రాసి సంతకం చేయాలి.


సమాధానం: వృత్తి ఆరోగ్య వైద్యురాలు

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, ప్రశ్నలోనూ సమాధానంలోనూ ఆరోగ్యం అన్న మాట దాదాపు కనబడకపోవడం నన్ను కలవరపెట్టింది. ఇది మీ ఇద్దరి మీద ఫిర్యాదు కాదు, సంస్థలన్నింటిలోనూ ఇలాగే జరుగుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వెలువరించిన అంచనాల ప్రకారం ప్రపంచంలో పని కారణంగా ఏటా సుమారు 29.3 లక్షల మంది చనిపోతున్నారు. అందులో ప్రమాదాల వల్ల పోయేవారు 3.3 లక్షల మంది, మిగిలిన 26 లక్షల మంది పనివల్ల వచ్చిన జబ్బులతో పోయేవారు. వీళ్లలో ఎక్కువమంది కర్మాగారం గేటు లోపల చనిపోరు. ఉద్యోగం మానేసిన ఎన్నో ఏళ్లకు, ఇంకెక్కడో, ఊపిరితిత్తుల జబ్బుతోనో గుండె జబ్బుతోనో పోతారు. అందుకే ఏ బోర్డు మీదా వారి లెక్క ఉండదు.

మీ విభాగాల పేర్లు చదవగానే నాకు మూడు విషయాలు తోచాయి. మొదటిది ప్రెస్సుల శబ్దం. రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ అన్నది ఎన్నో చోట్ల ఆమోదించిన హద్దు. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధనా సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ సిఫారసు ప్రకారం అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కూ అనుమతించదగిన సమయం సగానికి పడిపోతుంది, అంటే 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు గంటలు. అంకె కొద్దిగానే పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ చెవికి చేరే శక్తి రెట్టింపవుతుంది. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం సాధారణంగా 4000 హెర్ట్జ్ ప్రాంతంలో మొదలవుతుంది. ఆ దశలో మనిషికి మామూలు మాటలు బాగానే వినిపిస్తాయి కాబట్టి తనకు నష్టం జరుగుతోందని అతనికి తెలియదు. ఎదుటివారి మాట అర్థం కావడం లేదని గ్రహించే సమయానికి పోయింది తిరిగి రాదు. కాబట్టి చేరిన రోజే ఆడియోమెట్రీ (వినికిడి) పరీక్ష చేసి, ఏటా దానితో పోల్చి చూడాలి. ఇయర్‌ప్లగ్‌లు పంచేసి బాధ్యత తీరిందనుకోవద్దు. చెవిలోకి సగమే వెళ్లిన ప్లగ్ పెట్టెమీద రాసిన రక్షణలో చాలా కొద్ది భాగమే ఇస్తుంది. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైభాగాన్ని వెనక్కి లాగి పట్టుకుని లోపలికి నెట్టి, అది ఉబ్బే వరకు వేలితో ఆపి ఉంచడం ఒక్కొక్కరికీ దగ్గరుండి చూపించాలి.

రెండోది వెల్డింగ్ పొగ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. షెడ్డు పైకప్పుకు ఫ్యాన్లు ఉన్నాయి కదా అంటారు. ఆ ఫ్యాను లాగేలోపే పొగ వెల్డరు ముఖం మీదుగానే పైకి వెళుతుంది. పొగ పుట్టిన చోటే లాగేసే ఎగ్జాస్టు గొట్టం కావాలి, దాన్ని వెల్డరు తనకు అనువుగా జరుపుకోగలగాలి, లేకపోతే పక్కకు నెట్టేసి పని చేసుకుంటారు. మూడోది పెయింటింగ్ విభాగం. అక్కడ వాడే రెండు భాగాల పెయింటులో ఐసోసయనేట్లు ఉన్నాయేమో దాని భద్రతా సమాచార పత్రంలో చూడండి. అవి కొందరిలో ఆస్తమా తెచ్చిపెడతాయి, ఒకసారి ఆ గుణం పట్టుకున్నాక అతి తక్కువ మోతాదు తగిలినా ఊపిరి ఆడదు.

ఇక్కడ విధానానికి సంబంధించిన ముఖ్యమైన మాట ఒకటుంది. వైద్య పరీక్షల ఫలితాలు ఎవరి చేతికి వెళతాయి? చెవి పరీక్షలో తేడా కనబడితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట కార్మికులు పరీక్షకే రారు, వచ్చినా వినబడని శబ్దానికి కూడా బటన్ నొక్కుతారు. వ్యక్తిగత వివరాలు వైద్యుల దగ్గరే ఉండాలి, విభాగాల వారీ సారాంశం మాత్రమే యాజమాన్యానికి వెళ్లాలి, పనివల్ల ఆరోగ్యం దెబ్బతిన్నవారికి జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలి. ఈ మూడూ లిఖితంగా లేకపోతే మీరు పెట్టే ఆరోగ్య పరీక్షలు కూడా మీ గాయాల రిజిస్టరులాగే అంతా బాగున్నట్టు చూపిస్తాయి.


సమాధానం: ఉత్పత్తి విభాగాధిపతి

నేను యంత్రాల అవతలి వైపు నుంచి మాట్లాడుతున్నాను. విశ్రాంత ఇంజనీరు గారు చెప్పినదానిలో ఒక్క విషయం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఎవరు కట్టారని అడగవద్దు అన్నంత వరకు వెళితే, రేపు ఏ పర్యవేక్షకుడూ దేనికీ బాధ్యుడు కాడు. మనిషి చేసిన పనిని మూడు రకాలుగా చూడాలని నా అనుభవం. చేయి జారి, లేదా మరచిపోయి చేసినది ఒకటి. అందరూ అలాగే చేస్తున్నారని, పై అధికారులు చూసీ ఊరుకుంటున్నారని అలవాటుగా చేసినది ఇంకొకటి. ఇతరులకు ప్రాణహాని ఉందని తెలిసి, ఏ ఒత్తిడీ లేకుండా, సొంత సౌకర్యం కోసం చేసినది మూడోది. మొదటిదానికి ఓదార్పు, యంత్రంలో మార్పు కావాలి. రెండోదానికి జవాబు చెప్పవలసింది పర్యవేక్షకులు, నాలాంటి విభాగాధిపతులు. మూడోదానికి క్రమశిక్షణ చర్య తప్పదు, దాన్ని తప్పించడం తోటి కార్మికులకు అన్యాయం. నూనె, దుమ్ము పేరుకున్న ఆ వైరు నిస్సందేహంగా రెండో రకం. అక్కడ మెమో అందుకోవలసినవాడు ఆపరేటరు కాదు.

మరో ముఖ్య విషయం, భద్రత ఎవరి పని అన్నది. మీ సంస్థలో అది భద్రతా విభాగం పని అయినంతకాలం మీరు ఎంత బాగా రాసినా ఫలితం ఉండదు. బ్రిటన్‌లో పనిచోట భద్రతను పరిశీలించిన రాబెన్స్ కమిటీ 1972లో తేల్చిన మూలసూత్రం ఇదే: ముప్పును సృష్టించేవారూ, దానితో కలిసి పనిచేసేవారూ దాన్ని అదుపుచేసే మొదటి బాధ్యులు. 1974లో ఆ దేశం చేసిన చట్టం దాని మీదే నిలబడింది. నా విభాగంలో ఉత్పత్తి లక్ష్యానికి నేను సంతకం చేస్తున్నాను కాబట్టి, అక్కడి గార్డులకూ నేనే సంతకం చేయాలి. మీరు నాకు సలహా ఇవ్వాలి, నన్ను తనిఖీ చేయాలి, అవసరమైతే నా మీదుగా సంస్థ అధిపతికి చెప్పే హక్కు మీకు ఉండాలి. నా బదులు మీరు సంతకం చేయడం మొదలుపెట్టిన రోజున నేను దాని గురించి ఆలోచించడం మానేస్తాను.

పని ఆపే హక్కు గురించి కూడా రాయండి. తక్షణ ప్రాణాపాయం ఉందని సహేతుకంగా నమ్మి పని వదిలి పక్కకు వచ్చిన కార్మికుడికి ఎలాంటి అనుచిత పర్యవసానాలూ ఉండకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందంలోని 13వ అధికరణం చెబుతోంది. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని అదే సంస్థ 2022 జూన్‌లో పనికి సంబంధించిన మౌలిక సూత్రాలు, హక్కుల్లో చేర్చింది. కాగితం మీద ఈ హక్కు ఇవ్వడం తేలిక. ఎవరైనా మొదటిసారి దాన్ని వాడి లైను ఆపినప్పుడు, ఆపినంత తీవ్రమైన విషయం కాదని తరువాత తేలినా, విభాగాధిపతి అందరి ముందూ ఏం అంటాడన్న దాన్ని మిగతావాళ్లు గమనిస్తారు. నేను అలాంటి సందర్భంలో కారణం కనుక్కున్నాక ఆ కార్మికుడికి అక్కడే కృతజ్ఞత చెప్పి, ఆగిన సమయాన్ని అతని షిఫ్టు లక్ష్యం నుంచి మినహాయించమని రాయించాను. మినహాయింపు లేని కృతజ్ఞతను ఎవరూ నమ్మరు.


సమాధానం: కాంట్రాక్టు పనుల పర్యవేక్షకుడు

సగానికి పైగా కాంట్రాక్టు కార్మికులు అన్నారు కాబట్టి నేను రాస్తున్నాను. మా మనుషులకు జరిగిన గాయాలు చాలా సంస్థల లెక్కల్లోకే రావు, అవి కాంట్రాక్టరు లెక్కలోకి వెళతాయి, కాంట్రాక్టరు వచ్చే ఏడు పని దొరకదేమోనని వాటిని రాయడు. గేటు లోపల పనిచేసే ప్రతి మనిషి గాయమూ సంస్థదేనని మీ విధానం మొదటి పేజీలోనే ఉండాలి. టెండరులో భద్రతకయ్యే ఖర్చును విడిగా చూపించి, దాన్ని బేరానికి పెట్టకుండా చెల్లించాలి. అన్నీ కలిపి ఒకే ధర అడిగితే తక్కువ రాసినవాడికే పని దక్కుతుంది, తగ్గించడానికి అతనికి మొదట కనబడేది సేఫ్టీ బెల్టులు, పరంజా, అదనపు మనిషి.

నేను దగ్గరగా చూసే పనుల్లో అన్నిటికన్నా మోసకారి మూసివున్న ట్యాంకుల్లో దిగి చేసేది. గాలిలో ఆక్సిజన్ మామూలుగా 20.9 శాతం ఉంటుంది, 19.5 కన్నా తగ్గితే లోపలికి దిగకూడదు. ఏ విష వాయువూ లేని ఉత్త ఇనుప ట్యాంకులో కూడా, చాలాకాలం మూసి ఉంచితే తుప్పు పట్టే క్రమంలో ఆక్సిజన్ ఖర్చైపోతుంది. వెల్డింగుకు వాడే ఆర్గాన్ గాలికన్నా బరువైనది, రంగూ వాసనా ఉండవు, గొట్టం కొద్దిగా కారినా అడుగున చేరి కూర్చుంటుంది. హైడ్రోజన్ సల్ఫైడుకు కుళ్లిన వాసన ఉంటుంది కదా అని ధైర్యపడతారు, కానీ సుమారు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దగ్గర ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది. అందుకే మీటరును తాడుతో కట్టి పైభాగంలో, మధ్యలో, అడుగున మూడు చోట్లా ఆపి ఆపి చూడాలి, మూత దగ్గర ఒక్కసారి చూసి పర్మిట్ (పని అనుమతి పత్రం) రాయకూడదు. లోపల ఒకరు పడిపోతే రెండోవాడు ఆలోచించకుండా దిగుతాడు, వాడికోసం మూడోవాడు దిగుతాడు. బయట నిలబడే మనిషికి లోపలికి దిగే అధికారం లేదని, అతని పని తాడు, మనిషిని పైకి లాగే ట్రైపాడ్, ప్రమాద గంట మాత్రమేనని ముందే సాధన చేయించాలి. మా మనుషుల్లో చాలామంది వేరే వేరే భాషల వాళ్లు. కనుక పర్మిట్ చదివి వినిపించడం చాలదు, ఏం అర్థమైందో వారి నోట వారి మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి.

షిఫ్టు మార్పిడి గురించి కూడా ఒక మాట. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద 167 మంది చనిపోయారు. ఒక పంపుకు చెందిన భద్రతా వాల్వును మరమ్మతు కోసం పగలు తీసి, దాని స్థానంలో తాత్కాలికంగా పలక బిగించారు. ఆ సంగతి చెప్పే పర్మిట్ రాత్రి షిఫ్టు దృష్టికి రాలేదు. నడుస్తున్న రెండో పంపు ఆగిపోగానే వాళ్లు ఈ పంపును స్టార్టు చేశారు, పలక దగ్గర లీకై పేలుడు జరిగింది. లార్డ్ కల్లెన్ విచారణ 1990లో 106 సిఫారసులు చేసింది. పర్మిట్ కాగితం అక్కడా ఉంది, లేనిది ఇద్దరు మనుషులు యంత్రం పక్కన నిలబడి ఒకరికొకరు చెప్పుకోవడం. మీ మూడు షిఫ్టుల మధ్య ఆ మాట్లాడుకోవడానికి జీతంతో కూడిన సమయం ఉందా? బస్సు కోసం పరుగెత్తే మనిషి ఏమీ చెప్పడు.


ప్రశ్న అడిగినవారి స్పందన: కొత్త భద్రతాధికారి

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీ సూచనల ప్రకారం స్టోర్సు లెక్కను, రిజిస్టరును పక్కపక్కన పెట్టి సంస్థ అధిపతికి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, ఆ తరువాత ప్రోత్సాహకాన్ని గాయాల సంఖ్యతో ముడిపెట్టడం ఆపడానికి అంగీకరించారు. బోర్డును మాత్రం వెంటనే తీసేయడానికి ఒప్పుకోలేదు, దాని స్థానంలో ఏం పెడతామో ముందు చూపించమన్నారు. ప్రెస్సు విషయంలో ఇంజనీరు గారు ఊహించినదే నిజమైంది: డై అరుగుదల వల్లే ముక్క ఇరుక్కుంటోంది. ఆ ప్రెస్సుకు తాళం వేశాం, డై మరమ్మతుకు వెళ్లింది.

ప్రోత్సాహకాన్ని ఇప్పుడు నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదాల) నివేదికల సంఖ్యతో ముడిపెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. ఎక్కువ నివేదికలు ఇచ్చిన విభాగానికి బహుమతి అన్నమాట. ఇది సరైనదేనా?


సమాధానం: విశ్రాంత మెయింటెనెన్స్ ఇంజనీరు

అలా చేయవద్దండీ. సంఖ్యకు డబ్బు ముడిపెడితే నెలాఖరున దారిలో పడి ఉన్న గుడ్డ ముక్క, వెలగని బల్బు గురించి కట్టలకొద్దీ కాగితాలు వస్తాయి, వాటి కింద ప్రెస్సు గురించి రాసిన ఒక్క కాగితం కనబడకుండా పోతుంది. డబ్బును రెండు వైపుల నుంచీ తీసేయండి, ఆ మొత్తాన్ని మామూలు జీతంలో కలిపేయమని అడగండి, లేకపోతే కార్మికులు మీ మార్పును జీతం కోతగా చూస్తారు, అది సహజం కూడా.

నివేదిక ఇచ్చినవారికి కావలసింది జవాబు. ఇచ్చిన వారంలోపు, దాని మీద ఏం చేస్తున్నారో, చేయలేకపోతే ఎందుకో, ఆ విభాగాధిపతి సంతకంతో తిరిగి చెప్పాలి. మీ అధిపతి అడిగిన కొత్త బోర్డు మీద అదే పెట్టండి: కార్మికులు లేవనెత్తిన సమస్య, బాధ్యుడి పేరు, తేదీ, సరిచేసిందీ లేనిదీ. మొదటి నెలల్లో నమోదయ్యే గాయాల సంఖ్య పెరుగుతుంది, దానికి మీ అధిపతిని ఇప్పుడే సిద్ధం చేయండి, ముందుగా చెప్పి ఉంచకపోతే ఆయన దాన్ని మీ వైఫల్యంగా చదువుకుని పాత బోర్డుకే తిరిగి వెళతారు. ఆ ప్రెస్సు మీద పనిచేసే ఆపరేటరును డై తిరిగి వచ్చినప్పుడు పరీక్షకు పిలవండి. ముక్క సరిగ్గా బయటపడుతోందో లేదో ఆయన చూసి ఒప్పుకున్నాకే తాళం తీయించండి.